నౌకాదళంలో పనిచేసిన నాన్నగారి జీవితాన్ని ఎలా రాయాలి: ఒక పాత నావికుడి సమాధానం

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. తిరుపతిలో స్థిరపడిన మీ నాన్నగారు పోయి పది నెలలయిందనీ, సంవత్సరీకం నాటికి ఆయన జీవితం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేసి బంధువులకు పంచాలనుకుంటున్నారనీ, 1969 నుంచి 1984 వరకు పదిహేనేళ్లు నౌకాదళంలో పనిచేసిన మనిషి ఆ రోజుల గురించి ఇంట్లో పెద్దగా నోరు విప్పలేదు గనక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదనీ రాశారు. మీ దగ్గర ఒక నల్ల ఇనుప ట్రంకుపెట్టె, మూడు పతకాలు, ఒక డిశ్చార్జి పుస్తకం, కొన్ని ఫోటోలు ఉన్నాయన్నారు. ఇప్పటికి రాసుకున్న ప్రతిలో మొదటి ఇరవై పేజీలు నౌకాదళానికీ, తరువాతి ఇరవై పేజీలు కుటుంబానికీ కేటాయించినట్టు చెప్పి, ఇది సరిగ్గా ఉందా అని అడిగారు.

నేను 1975లో నేవీలో చేరి, ఇరవై ఏళ్లు ఆవిరి ఓడల ఇంజను గదుల్లో పనిచేసి, తిరిగివచ్చి చిత్తూరులో ఉంటున్నవాణ్ణి. మా బావగారితో మొదలుపెట్టి ఇప్పటికి ఏడుగురు పాత సహచరుల జీవితాలు వారి కుటుంబాల కోసం రాసిపెట్టాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ముందు ఆ విభజన తీసేయండి. రాసేవారికి అది సులువుగానే ఉంటుంది కానీ, చదివేవారికి ఇద్దరు వేర్వేరు మనుషులు కనిపిస్తారు. ఒకరు తెల్ల యూనిఫారం వేసుకున్న, మీలో ఎవరికీ తెలియని కుర్రవాడు. మరొకరు లుంగీ కట్టుకుని వరండాలో పేపరు చదువుకునే, అందరికీ తెలిసిన పెద్దాయన. ఆ కుర్రవాడే ఈ పెద్దాయన అన్న సంగతి పుస్తకంలో ఎక్కడా కనిపించకపోతే మీ శ్రమంతా వృథా అవుతుంది.

ఈ తప్పు నేను స్వయంగా చేశాను. మా బావగారు పలమనేరు దగ్గరి పల్లె నుంచి నేవీకి వెళ్లిన తొలి మనిషి; ఆయనను చూసే నేనూ చేరాను. ఆయన సంవత్సరీకానికి ముప్పైరెండు పేజీల పుస్తకం రాశాను. పనిచేసిన ఓడలు, తిరిగిన రేవులు, వచ్చిన పదోన్నతులు అన్నీ తేదీలతో సహా ఇచ్చి, చివరి రెండు పేజీల్లో ఆదర్శప్రాయుడైన భర్త, ప్రేమమూర్తి అయిన తండ్రి అని రాసి ముగించాను. ఆ రోజు భోజనాలయ్యాక మా అక్కను కూర్చోబెట్టి మొత్తం చదివి వినిపించాను. ఆవిడ చివరిదాకా విని, “బాగా రాసినావు రా. అయితే ఈ మనిషి ఓడలోనే పుట్టి ఓడలోనే పెరిగినట్టుండాది. మాకేం చేసినాడో ఒక్క ముక్క లేదు కదా” అనింది. తరువాత లోపలికి వెళ్లి ఒక పాత హార్లిక్స్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది.

అందులో మనియార్డరు కూపన్లు ఉన్నాయి. ఈ తరం వాళ్లకు తెలియకపోవచ్చు. మనియార్డరు ఫారం అడుగున ఒక చిన్న ముక్క ఉండేది, పంపినవారు దాని మీద రెండు మూడు పంక్తులు రాసుకోవచ్చు, పోస్టుమాన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక దాన్ని చింపి చేతిలో పెట్టేవాడు. నెలకొకటి చొప్పున దాదాపు తొమ్మిదేళ్లవి, ఏ ఏటివి ఆ ఏటికి దారంతో కట్టి, ఆ సీసాలో ఉన్నాయి. ‘ఇరవై ఎక్కువ పంపినాను, చలి మొదలయ్యేలోగా బిడ్డకు స్వెట్టరు కొను.’ ‘బావి పూడిక తీసినోళ్లకు ముందు ఇయ్యి, అంగడాయనకు వచ్చే నెల చూద్దాం.’ ‘రాత్రిపూట నువ్వు ఒక్కదానివే నీళ్లు కట్టను పోవద్దు, ఎండితే ఎండనీ.’ ఒకదాని మీద మాత్రం, ‘మూడు నెలలు ఉత్తరం రాకపోతే భయపడొద్దు, నేను బాగుంటాను’ అని ఉంది. ఆ కూపను మీది తేదీని సర్వీసు పుస్తకంతో పోల్చి చూశాను. నా పుస్తకం పదకొండో పేజీలో ‘సుదీర్ఘ విదేశీ ప్రయాణం’ అని నేను గొప్పగా రాసిన ఘట్టం సరిగ్గా ఆ వారమే మొదలైంది. ప్రయాణం ఓడ వైపు నుంచి ఎలా ఉందో రాశాను తప్ప, పలమనేరులో ఆ మూడు నెలలు ఎలా గడిచాయో నాకు తట్టనే లేదు. పుస్తకాన్ని తిరగరాసి మళ్లీ అచ్చువేయించాను. తొలి ప్రతులు పంచిన ఇళ్లకు నేనే వెళ్లి కొత్తవి ఇచ్చి వచ్చాను.

కనుక ట్రంకుపెట్టె కంటే ముందు మీ అమ్మగారి పెట్టె చూడండి. కూపన్లు లేకపోయినా ఇన్‌లాండ్ కవర్లు ఉండే అవకాశం ఎక్కువ. ఓడలో ఉన్నవారి చిరునామాలో ఓడ ఆగే రేవు పేరుండేది కాదు. ఓడ పేరు, దాని కింద ఫ్లీట్ మెయిల్ ఆఫీసు అని ఉండేది. ఉత్తరం ముందు అక్కడికి చేరి, ఓడ ఏ రేవుకు వస్తుందో అక్కడికి వెళ్లి కాచుకునేది. అందువల్ల ఇంటి ఉత్తరాలు ఒక్కోసారి నాలుగైదు కట్టకట్టుకుని ఒకేసారి అందేవి, జవాబులు ప్రశ్నల కంటే ముందు వచ్చేవి. నేనూ మా ఆవిడా ఉత్తరాలకు వరుస నంబర్లు వేసుకునేవాళ్లం. ఏది దారిలో పోయిందో తెలిసేది. మీ వాళ్ల ఉత్తరాల మూలన కూడా అలాంటి అంకె ఏదైనా ఉందేమో చూడండి. దాన్ని బట్టి వరుస పెట్టుకుంటే, పదిహేనేళ్ల కాపురం ఎలా నడిచిందో దానంతటదే బయటపడుతుంది.

ఇక మీరు ‘నాన్నగారి చాదస్తాలు’ అని చివరి పేజీలో నాలుగు పంక్తుల్లో సర్దేసిన సంగతులు నన్ను చాలాసేపు ఆపేశాయి. రాత్రి రెండు గంటల వేళ లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి, గ్యాసు సిలిండరు, గేటు తాళం, నీళ్ల మోటారు చూసుకుని, నిద్రలో ఉన్న మీ పిల్లలందరి నుదుళ్ల మీద అరచేయి కాకుండా చేతి వెనుక భాగం ఆనించి చూసి వెళ్లి పడుకునేవారని రాశారు. అది చాదస్తం కాదు. ఓడలో రోజును నాలుగేసి గంటల వాచీలుగా, అంటే కాపలా వంతులుగా, విభజిస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న భాగాన్ని మాత్రం రెండేసి గంటల ముక్కలు రెండు చేస్తారు. అలా రోజుకు ఏడు వాచీలవుతాయి గనక ఒకే మనిషికి ప్రతిరోజూ ఒకే వేళ కాపలా పడకుండా తిరుగుతూ ఉంటుంది. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము నాలుగు వరకు నడిచేది మిడిల్ వాచీ. ఆ వేళ ఇంజను గదిలో ఉన్నవాడు గేజీలు చూసుకుంటూ, బేరింగుల మీద చేయి ఆనించి వేడి చూసుకుంటూ, లాగ్ బుక్కులో అంకెలు వేసుకుంటూ తిరుగుతూనే ఉండాలి. పైన వందల మంది అతణ్ణి నమ్మి నిద్రపోతుంటారు. ఎంత వేడిగా ఉందో తెలియని లోహాన్ని అరచేత్తో తాకవద్దు, చేతి వెనుక భాగంతో తాకు అని మాకు మొదటి రోజుల్లోనే నేర్పేవారు. మీ నాన్నగారు నలభై ఏళ్ల పాటు మీ జ్వరాన్ని ఆ చేత్తోనే చూశారు. మీ పుస్తకంలో దీనికి మించిన పేజీ ఉంటుందని నేననుకోను.

కొళాయి ధారగా వదిలితే కోప్పడేవారని కూడా రాశారు. ఆవిరి ఓడలో మంచినీళ్లు చాలావరకు సముద్రపు నీటిని మరగబెట్టి తీసుకున్నవే. వాటిలో మొదటి వాటా బాయిలరుది, ఆ తరువాతే మనుషులది. బాయిలరులోకి ఉప్పు చేరితే గొట్టాలు దెబ్బతింటాయి గనక, శుద్ధమైన నీళ్లు దానికి సరిపోయాకనే మాకు స్నానం. ఆ లెక్క పదిహేనేళ్లు కళ్లారా చూసిన మనిషి, కల్యాణి డ్యామ్ అడుగంటి తిరుపతిలో ట్యాంకర్ల చుట్టూ బిందెలు వరుసకట్టిన ఏళ్లలో మీ వీధిలో ఎలా నడుచుకున్నారో పక్కింటివారిని అడగండి. తప్పకుండా ఏదో ఒకటి చెబుతారు. బట్టలు ఆరేసే తాడుకు ఆయన వేసిన ముడిని మీరు ఇంకా విప్పలేదన్నారు. దాన్ని దగ్గరగా ఫోటో తీసి నాకు పంపండి. ఎంత బరువు పడినా బిగుసుకుపోకుండా, విప్పదలచినప్పుడు వేలితో తోస్తే విడిపోయే బౌలైన్ ముడి అయి ఉంటుందని నా ఊహ. అదే అయితే పుస్తకంలో ఆ ఫోటోకు ఒక పేజీ ఇవ్వండి.

ఇప్పుడు నౌకాదళం సంగతులకు వస్తాను. ఇక్కడ నేను కొంచెం కఠినంగా మాట్లాడవలసి వస్తుంది, ఎందుకంటే మీ ప్రతిలో సరిదిద్దవలసినవి ఉన్నాయి.

మీరు పంపిన ముఖచిత్రం నమూనాలో ఉన్న ఓడ మీ నాన్నగారు పనిచేసినది కాదు. అది 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో దళంలో చేరిన కొత్త విమానవాహక నౌక విక్రాంత్. ఆయన విక్రాంత్ మీద పనిచేసి ఉంటే, అది 1961 మార్చి 4న దళంలో చేరి 1997 జనవరి 31న విరమించిన పాత విక్రాంత్. బ్రిటన్‌లో సగం కట్టి ఆపేసిన ఓడను మనం కొని పూర్తి చేయించుకున్నాం. కొత్తది పాతదానికి రెట్టింపు పైగా బరువు. గుర్తుపట్టడం సులభమే: కొత్త ఓడ ముందుభాగం కొండవాలులా పైకి లేచి ఉంటుంది, 1971 నాటి విక్రాంత్ డెక్కు ముందుకంటా చదునుగా ఉండేది. ట్రంకులో దొరికిన నలుపు తెలుపు ఫోటో మసకగా ఉన్నా సరే, అదే ముఖచిత్రంగా వేయండి.

యుద్ధం విషయంలో మీ బాబాయిగారు కరాచీ దాడిలో పాల్గొన్నారని అంటున్నారు, మీ అమ్మగారు విక్రాంత్ మీద ఉన్నారని అంటున్నారు. మీరు రెండూ కలిపి రాసేశారు. అది కుదరదు. 1971 డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో లొంగుబాటుతో తూర్పున ముగిసింది. కరాచీ మీద డిసెంబరు 4 రాత్రి దెబ్బ తీసినవి నిపాత్, నిర్ఘాత్, వీర్ అనే చిన్న క్షిపణి పడవలు; అది అరేబియా సముద్రంలో, పడమటి దిక్కున జరిగింది. దాని గుర్తుగానే ఏటా ఆ రోజున నేవీ డే జరుపుకుంటాం. విక్రాంత్ ఆ సమయంలో బంగాళాఖాతంలో ఉండి, తన సీహాక్ విమానాలతో కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవుల మీద దాడులు చేసింది. ఆ ఓడనే వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం ఎదుట మునిగిపోయింది. ఒకే మనిషి ఆ రెండు వారాల్లో రెండు సముద్రాల్లో ఉండలేడు.

తేల్చుకునే దారి మీ చేతిలోనే ఉంది. మూడు పతకాల్లో ఒకటి నక్షత్రం ఆకారంలో ఉందన్నారు. దాని మీద పూర్వీ స్టార్ అని ఉంటే ఆయన తూర్పు రంగంలో, అంటే మీ అమ్మగారు చెప్పిన వైపు, ఉన్నట్టు. పశ్చిమీ స్టార్ అని ఉంటే పడమట ఉన్నట్టు. గుండ్రటి పతకాల అంచున సన్నని అక్షరాలతో పేరు, సర్వీసు నంబరు చెక్కి ఉంటాయి. వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి, అంతేగాని చింతపండుతోనో పొడితోనో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పతకాల్లో ఒకటి స్వాతంత్ర్య రజతోత్సవానిదైతే, అది 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారికి ఇచ్చినది. దాన్ని శౌర్య పతకంగా రాయవద్దు. ఆ తరువాత డిశ్చార్జి పుస్తకంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ ఓడ అన్న పట్టిక చూడండి. అక్షరాలు చెరిగిపోయి ఉంటే, సర్వీసు నంబరు రాసి మీ అమ్మగారి సంతకంతో ముంబయిలోని నావికుల రికార్డుల కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే అర్జీ ఎలా రాయాలో చెబుతారు. జవాబుకు సమయం పడుతుంది గనక ఈ పని ఈ నెలలోనే మొదలుపెట్టండి.

డిశ్చార్జి పుస్తకంలో ‘పీఓఎంఈ’ అన్న అక్షరాలకు అర్థం తెలియక మీరు ‘నేవీ ఆఫీసర్’ అని రాశారు. అది పెటీ ఆఫీసర్, మెకానికల్ ఇంజనీరింగ్ విభాగం. సైన్యంలో హవల్దారుకు సమానమైన హోదా. కమిషన్డ్ ఆఫీసర్ వేరు. మీ నాన్నగారు కింది మెట్టు మీద చేరి, పరీక్షలు రాసి, ఒక్కో మెట్టే ఎక్కి సంపాదించుకున్న హోదాకు ఉన్నదున్నట్టుగా పేరు పెట్టండి. నావికుడెవరు చదివినా దాని విలువ తెలుసుకుంటాడు.

ఆయన విక్రాంత్ మీదే ఉన్నట్టు తేలితే మాత్రం, ఓడ చరిత్ర రెండు పేజీలు నింపే బదులు ఆయన నిలబడిన చోటు చూపించండి. యుద్ధానికి ముందే విక్రాంత్ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు వచ్చాయి. దానివల్ల ఓడ తన పూర్తి వేగాన్ని అందుకోలేని స్థితిలో యుద్ధంలోకి దిగింది. విమానం డెక్కు మీది నుంచి లేవాలంటే ఎదురుగాలి కావాలి, దానికి ఓడ వేగం కావాలి; ఆ పైన విమానాన్ని ముందుకు విసిరే కెటపుల్ట్ కూడా ఆవిరితోనే నడిచేది. అంటే పైన ఎగిరిన ప్రతి సీహాక్ వెనుక, కింద బాయిలర్ గదిలో చెమటలు కక్కుతూ ఆవిరి నిలబెట్టిన కుర్రవాళ్లు ఉన్నారు. ఆ గదుల్లో ఎండ తెలియదు, రాత్రి తెలియదు, బయట ఏం జరుగుతున్నదీ తెలియదు. మన జిల్లా మే నెల ఎండలో ఇటుకబట్టీ పక్కన నాలుగు గంటలు నిలబడినట్టు ఉంటుందని మా వాళ్లకు చెప్పేవాణ్ణి. వెయ్యిమందికి పైగా ఉన్న ఓడలో బాయిలరు మంటలు చూసుకునే ఇరవై ఏళ్ల స్టోకరు కుర్రవాడికి యుద్ధమంటే అదే. ఆయన ఏమీ చెప్పకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. చూసింది గేజీలనూ మంటనూ తప్ప యుద్ధాన్ని కాదు. రికార్డులో ఆయన ఆ డిసెంబరులో లోనావ్లాలోని ఐఎన్‌ఎస్ శివాజీలో శిక్షణలోనే ఉన్నట్టు తేలినా చిన్నబుచ్చుకోకండి, ఉన్నది రాయండి.

ఇంకొక మాట కూడా చేర్చండి. అప్పటి చిత్తూరు జిల్లాకు సముద్రమే లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి గూడూరు, సూళ్లూరుపేట వైపు ప్రాంతాలు కలిశాకనే మన తిరుపతికి జిల్లా లెక్కల్లో తీరం వచ్చింది. చెరువు గట్టు మీద ఈత నేర్చుకున్న కుర్రవాడు, ఏడువందల కిలోమీటర్లకు పైగా రైల్లో ప్రయాణం చేసి విశాఖపట్నంలో దిగి, శిక్షణ కేంద్రంలో చేరిన రోజున ఇంట్లో వాళ్లు ఏమనుకున్నారో తెలిసినవాళ్లు ఇంకా ఉంటే, వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

1984 తరువాతి భాగాన్ని మీరు ‘సాధారణ జీవితం’ అని ఒక్క పేరాలో దాటేశారు. నన్నడిగితే పుస్తకానికి గుండెకాయ అక్కడే ఉంది. నావికుడు పదిహేనేళ్లు చేసి పింఛనుతో బయటికి వచ్చేసరికి ముప్పైనాలుగు, ముప్పైఅయిదేళ్లుంటాయి. ఊళ్లో ఆ వయసు వాళ్లు అప్పటికే పదేళ్ల సంసారం చేసి ఉంటారు, ఈయన మాత్రం సెలవుల లెక్కన చేసి ఉంటాడు. పిల్లలకు ఆయన పోస్టులో వచ్చే మనిషి. ఇంటి పెత్తనమంతా భార్యది; అప్పులు, బడి, పొలం, అత్తమామల మందులు అన్నీ ఆవిడ చేతి మీదుగా నడిచిపోతుంటాయి. అలాంటి ఇంట్లోకి వచ్చి తనకొక చోటు వెతుక్కోవడం చాలా కష్టమైన పని. నేను తిరిగివచ్చిన కొత్తలో బియ్యం డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియక, అడగడానికి మొహమాటపడి ఊరుకున్న రోజులున్నాయి. మీ నాన్నగారు ఆ వయసులో మళ్లీ దరఖాస్తులు పెట్టుకుని, తిరుపతి పక్కన సెట్టిపల్లెలోని రైల్వే క్యారేజి రిపేరు షాపులో కింది ఉద్యోగంలో చేరి, రోజూ సైకిలు మీద వెళ్లివచ్చారని రాశారు. పెటీ ఆఫీసరుగా పదిమందికి పని చెప్పిన మనిషి మళ్లీ తనకంటే చిన్నవాళ్ల కింద పని నేర్చుకున్నారు. ఎందుకు? సాయంత్రానికి ఇంటికి చేరే ఉద్యోగం గనక. వాణిజ్య నౌకల కంపెనీలు ఇంజను పని వచ్చిన మాజీ నావికులకు అంతకంటే ఎక్కువ జీతం ఇచ్చేవి. మీ అమ్మగారు చెప్పినట్టు ఆయన ఆ అవకాశాన్ని కాదన్నది నిజమైతే, ఆ ఒక్క నిర్ణయం చాలు, కుటుంబం పట్ల ఆయనకున్న ప్రేమకు వేరే విశేషణం అక్కరలేదు.

మీ ప్రశ్నలో ఎక్కడో బ్రాకెట్లలో ఒక సంగతి రాశారు. మీకు రెండేళ్ల వయసప్పుడు ఆయన రెండు నెలల సెలవు మీద వస్తే, మూడో రోజున మీరు అమ్మ కొంగు పట్టుకుని, “ఆ మామ ఎప్పుడు పోతాడు?” అని అడిగారట. మీ పుస్తకం అక్కడ మొదలుకావాలి. పుట్టిన తేదీ, ఊరు, వంశం తరువాతి పేజీల్లో ఎక్కడైనా చెప్పవచ్చు. ఆ మాట విని ఆయన ఏం చేశారో, ఆ సెలవులో మిగిలిన రోజులు మిమ్మల్ని ఎలా మచ్చిక చేసుకున్నారో మీ అమ్మగారికి గుర్తుండకపోదు.

ఆవిడను అడిగే పద్ధతి కూడా చెబుతాను. “నాన్న ఎలాంటివారు?” అని అడిగితే “చాలా మంచివారు” అంటారు, కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. అన్నయ్య పుట్టినప్పుడు విశాఖ నౌకాదళ ఆసుపత్రిలో నీ పక్కన ఎవరున్నారు? ఆయనకు ఆ కబురు ఎన్ని రోజులకు అందింది? సెలవు అయిపోయిన రోజు స్టేషనుకు ఎవరెవరు వెళ్లేవారు, నువ్వు వెళ్లేదానివా? ఆయన లేనప్పుడు ఇంట్లో పెద్ద జబ్బు ఎవరికి వచ్చింది, డబ్బు ఎవరిని అడిగావు? నేవీ క్వార్టర్సులో ఉన్నప్పుడు నీకు హిందీ ఎవరు నేర్పారు? ఒక్క పూటలో అన్నీ అడగవద్దు. పప్పు ఏరుతున్నప్పుడో, చెనక్కాయలు వలుస్తున్నప్పుడో, చేతికి పని ఉన్నప్పుడు అడిగితే పెద్దవాళ్లు మాట్లాడతారు. ఆవిడ మాటలను పుస్తకాల భాషలోకి మార్చకండి. ‘వచ్చినాడు, పోయినాడు, ఉండాది’ అన్నవి అలాగే అచ్చుకావాలి. పుస్తకం మీ నాన్నగారిదే అయినా ఆ పదిహేనేళ్లలో సగం ఆవిడది. ఆవిడ లేకుండా ఆయనను కుటుంబాన్ని ప్రేమించిన మనిషిగా చూపించడం ఎవరి వల్లా కాదు.

అసలు కాగితాలూ ఫోటోలూ అచ్చుకు ఇచ్చే చోట వదిలిపెట్టి రావద్దు. ఒక సహచరుడి పెళ్లి ఫోటో, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ప్రతి, నేను ఇలాగే ఒకచోట ఇచ్చి పోగొట్టాను. ఆ తల్లి నన్ను ఒక్క మాటా అనలేదు, కానీ ఇప్పటికీ వాళ్ల వీధిలోకి వెళ్లాలంటే నాకు కాళ్లు ఆడవు. మీరే దగ్గరుండి స్కాన్ చేయించి, ఆ పూటే ఇంటికి తెచ్చుకోండి.

చివరగా, డిసెంబరు మెట్ల సంగతి. ఏటా డిసెంబరు రెండో వారంలో ఆయన ఒక్కరే అలిపిరి నుంచి నడిచి కొండ ఎక్కి వచ్చేవారనీ, ఎందుకని అడిగితే జవాబు చెప్పేవారు కాదనీ రాసి, ‘యుద్ధంలో మరణించిన మిత్రుల కోసం’ అని మీరే ఒక వాక్యం చేర్చారు. ఆ వాక్యాన్ని నేను కాదనలేను, అవుననలేను. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ సమీపంలో మన యుద్ధనౌక ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ తరం స్టోకర్లలో చాలామందికి శిక్షణలో పక్క బంకులో పడుకున్న నేస్తం ఎవరో ఒకరు ఆ ఓడలో ఉండి ఉంటారు. తేదీలు దగ్గరగా ఉన్నాయి. అయినా అది వాళ్ల అమ్మగారు, అంటే మీ జేజి, కొడుకు క్షేమంగా వస్తే నడిపిస్తానని మొక్కుకున్న మొక్కు కూడా కావచ్చు. ఆయన నలభై ఏళ్లు మూసి ఉంచిన తలుపును మనం ఊహతో తెరిచి, లోపల ఇదుందని అచ్చువేయడం న్యాయం కాదు. తెలియకపోతే, ఏటా వెళ్లేవారు, ఎందుకో చెప్పలేదు అని మాత్రమే రాయండి. అయితే ఆ నిర్ణయానికి ముందు, ఆయన చేరిన నాటి నుంచి అన్నీ చూసిన మీ మేనత్తగారు శ్రీకాళహస్తిలో ఉన్నారనీ, ఆవిడకు ఎనభైమూడేళ్లనీ మీరే రాశారు. ఈ ఆదివారమే వెళ్లి ఆవిడను అడగండి.